ఉతికాను, ఉతికాను, ఉతికాను

దుప్పటి పిండుతూ ఆవిడ అమెరికా గురించి ఆలోచిస్తోంది. తడి దుప్పటి, మనిషంత బరువు. ఒక కొస కుళాయికి చుట్టి రెండో కొస మెలిపెడుతుంటే భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకి కళ్లజోళ్ల కొట్టుంది. ఊరందరి చూపూ సరిచేస్తాడు.

"గురువారం నాలుగింటికి చెల్లీ, బావా, వాళ్ల అత్తగారూ వస్తున్నారు. నువ్వు ఇంట్లో ఉండాలి."

"గురువారం నాలుగింటికి నేను క్లాసులో మాట్లాడాలండీ. మాట్లాడకపోతే పాస్ చెయ్యరు. పాస్ కాకపోతే రెండో ఏడు లేదు."

"పది నిమిషాల ముక్కేగా, ఇంకెవరిచేతైనా చెప్పించు."

"రోజూలాగే ఫ్లాస్కులో టీ పోసి వెళ్తాను."

"చెల్లెలి అత్తగారికి ఫ్లాస్కు టీయా! ఇంకా నయం."

ఆవిడ దుప్పటి ఇంకో మెలిక తిప్పింది.

యూనివర్సిటీలో పెద్దవాళ్లనీ చేర్చుకుంటున్నారని తెలిసి వెళ్లిన రోజున, ఏ కోర్సు కావాలమ్మా అని గుమస్తా అడిగాడు. ఏది ఎన్నింటికి అని ఆవిడ అడిగింది. అన్నీ వంటవేళకే. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక, రాత్రి పొయ్యి వెలిగించే లోపల పట్టేది ఒక్కటే ఉంది: అమెరికా సంస్కృతి, అస్తిత్వం. సరే, అదే రాయండి అంది. ఇంట్లో పడీపడీ నవ్వారు. "అమెరికా వాళ్లెవరో ఈవిడ తేల్చాలని వాళ్లు కూచున్నారు పాపం" అన్నారు అత్తగారు. మరిదికి ఆ రోజు నుంచీ వదిన పేరు మారిపోయింది. "అమెరికా, కాస్త మంచినీళ్లు!" అని కేకేస్తాడు. అయినా ఆవిడకి ఆ క్లాసు గది ఇష్టం. చరిత్ర మేష్టారూ, సాహిత్యం మేడమూ, ఫొటోలూ బొమ్మలూ చూడడం నేర్పే గడ్డం అబ్బాయీ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూచుని, ఒకే వస్తువు పట్టుకుని వాదించుకుంటారు. ఒక పాత కుర్చీ గురించే గంటన్నర గడిచింది ఒకసారి. ఒకరి మాట ఒకరు కొట్టేసి, చివరికి నవ్వుకుని లేస్తారు. మాట కొట్టేసినా ముఖాలు మాడవు. అలాంటి గది ఒకటి ఉంటుందని ఆవిడకి అంతకుముందు తెలియదు.

గురువారానికి ఇచ్చినవి డైరీ పేజీలు. నూట యాభై ఏళ్ల కిందటి ఒక అమెరికా రైతు భార్యవి. సోమవారం ఉతికాను. మంగళవారం ఇస్త్రీ. బుధవారం రొట్టెలు కాల్చాను. గురువారం ఏమీ లేదు. శుక్రవారం ఏమీ లేదు. శనివారం ఉతికాను. ఆదివారం ఉతికాను. అక్కడినుంచి నెలంతా, రోజూ, ఉతికాను, ఉతికాను, ఉతికాను.

గురువారం మూడింటికి ఆవిడ ఆరు కప్పులూ, పాలగిన్నే, టీపొడి డబ్బా, పంచదారా వరసగా పెట్టి, సంచీ తగిలించుకుంది.

"వెళ్తున్నావా?" అన్నారు అత్తగారు.

"వెళ్తున్నానండీ."

అత్తగారు ఆ సంచీ వంక చూశారు. "ఆ కూరల సంచీ ఏమిటి, నా నల్ల సంచీ పట్టుకెళ్లు" అన్నారు.

క్లాసులో ముందు కుర్రాళ్లు మాట్లాడారు. బాగా చదువుకున్న పిల్ల ఒకతి, ఏమీ లేని ఆ రెండు రోజులూ విశ్రాంతి అనీ, ఆ తర్వాత రోజూ ఉతకడం అమెరికన్ల శుభ్రత పిచ్చి అనీ చెప్పింది. దానికి పెద్ద పేరేదో కూడా ఉంది.

ఆవిడ లేచింది.

"శుభ్రత కాదు తల్లీ, పసిగుడ్డు" అంది.

అందరూ తిరిగి చూశారు.

"సోమవారం ఉతికిన ఇంట్లో శనివారం నుంచీ రోజూ ఉతకాల్సినన్ని బట్టలు ఎక్కడివి? ఏ ఇల్లాలూ వరసగా రెండ్రోజులు ఊరికే కూచోదు, మంచం పడితే తప్ప. గురువారం కాన్పయింది. శనివారం లేచి పొత్తిగుడ్డలు ఉతుక్కుంది."

"మరి ఏమీ లేదని ఎందుకు రాసిందాంటీ?" అంది ఆ పిల్ల.

"అది పనుల డైరీ. కనడం పనిలోకి రాదనుకుని ఉంటుంది." అంటూనే ఆవిడకి తన మాటే గుర్తొచ్చింది. రోజూ కొట్టు మూసి వచ్చి, ఇవాళ ఏం చేశావోయ్ అని భర్త అడుగుతాడు. ఏమీ లేదండీ అని తను చెబుతుంది. ఎవరూ నేర్పకుండానే చెబుతుంది.

చరిత్ర మేష్టారు గబగబా ఇంకో కట్ట విప్పారు. ఆ ఊరి చర్చిలో పుట్టుకలు రాసే పుస్తకం నకలు. వేలు పెట్టి చదివి, కళ్లజోడు తీసేశారు. "గురువారమే. ఆడపిల్ల. ఆరేళ్లుగా ఈ పేజీ పాఠం చెబుతున్నాను, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు" అన్నారు. గడ్డం అబ్బాయి సంబరంగా బల్ల చరిచాడు. సాహిత్యం మేడం ఆవిడ పేరు పక్కన ఏదో రాసి, "రెండో ఏడు దరఖాస్తు రేపే ఆఖరు, మర్చిపోకండి" అంది.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు వెళ్లిపోయారు. వంటింట్లో పంచదార చిమ్మి ఉంది. పాలు పొంగిన మరక పొయ్యి మీద ఎండింది. భర్త గోడ కాలెండరు దగ్గర పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాలెండరులో ఆవిడ గ్యాసు వచ్చిన తేదీ, అత్తగారి మాత్రలు, కొట్టు సెలవలు రాస్తుంది. ఇవాళ్టి గడిలో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి: టీ పెట్టాను. ఆరు కప్పులు.

"చెల్లెలి అత్తగారు రెండోసారి పోయించుకుంది తెలుసా!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

ఆవిడ ఆ గడి వైపు చాలాసేపు చూసింది. ఇరవై ఏడేళ్ల కాపురంలో తను పెట్టిన టీ ఒక్కటీ ఏ గడిలోకీ ఎక్కలేదు. కోపం రావలసింది. నవ్వొచ్చింది. భర్త చేతిలో పెన్ను తీసుకుని పక్క గడిలో రాసింది: దరఖాస్తు ఇచ్చాను.

"అది రేపటి గడి కదోయ్? ఇంకా ఇవ్వలేదుగా?"

"రేపు నాలుగింటికి మీరు టీ పెట్టండి" అంది ఆవిడ, నల్ల సంచీ మేకుకి తగిలిస్తూ. "నేను ఇచ్చేసి వస్తాను."