ఈశ్వరికి తొంభై రెండు మార్కులు

ఈశ్వరి కాగితం పట్టుకుని నిలబడి అప్పటికి నాలుగు నిమిషాలైంది. ఒక్క ముక్కా చదవలేదు. కుందుర్పి నుంచి వచ్చిన విద్యాశాఖ అధికారి గంగాధరప్ప ట్యాబు చూశాడు, పిల్లను చూశాడు, మళ్లీ ట్యాబు చూశాడు.

"చదవడంలో తొంభై రెండు మార్కులుండాయి. పచ్చరంగు. ఏమమ్మా ఇది?"

ఐదో తరగతి టీచరు హేమలత గోడ గడియారం వైపు చూసింది. ట్యాబులో ఎర్రరంగు వచ్చిన పిల్లలకే రేపటి నుంచి విడిగా చదవడం నేర్పే టీచరు వస్తుంది. జాబితా నాలుగింటికి మూసేస్తారు. ఇప్పుడు మూడుంపావు. రంగు మార్చాలంటే, రెండు నెలల కిందట ట్యాబులో పెట్టిన పరీక్షలో పిల్లకు సాయం చేసిందెవరో పేరు రాయాలి.

"ఎవరో పక్కనుంచి చెప్పినారు," అన్నాడు గంగాధరప్ప.

మొదటి అనుమానం పిల్ల తండ్రి ఆదెప్ప మీద. అతను మందను గేటు బయట ఆపి వచ్చాడు.

"నాకే అచ్చరం ముక్క రాదు సారూ, నేను యాడ చెప్పేది? మా గొర్రెలేమన్నా చెప్పినాయేమో, అడుగుపో."

గొర్రెలను అడగలేదు.

రెండో అనుమానం హెడ్మాస్టరు రామాంజనేయులు మీద. పరీక్ష రోజు గుంతకల్లులో శిక్షణలో ఉన్నానంటూ ఆయన జేబులోంచి బస్సు టిక్కెట్టు తీశాడు. రెండు నెలలుగా దాన్ని జేబులో ఎందుకు పెట్టుకు తిరుగుతున్నాడో ఎవరూ అడగలేదు.

మూడున్నర. హేమలత పిల్లను వరండాలోకి తీసుకెళ్లింది.

"ఆ పొద్దు జవాబులు నీకెవరు చెప్పినారే?"

"ఎవురూ చెప్పలేదు మేడం. నేనే నొక్కినా."

"కథ చదివే నొక్కినావా?"

"నేనెందుకు చదువుతా? మీరే చదివి వినిపిస్తిరి కదా, ప్రశ్నలు గూడా. విన్నది నేను మర్చిపోను."

బడికి ఉన్నది ఒకే ట్యాబు. పిల్లలు ఇరవై మంది. సిగ్నల్ దొరికేది నీళ్ల ట్యాంకు కింద, అదీ పొద్దున పూటే. నెమ్మదిగా చదివే పిల్లలందరికీ హేమలత తానే గబగబా చదివి వినిపించింది. వరుస కదిలితే చాలనుకుంది; ఎవరెవరికి చదివిందో గుర్తు పెట్టుకోలేదు. తర్వాత ఈశ్వరికి పచ్చరంగు చూసి, పిల్లకు చదవడం రాదని తాను పొరబడ్డాననుకుంది. ఆ మార్కులకే ఆమెకు ఉత్తమ టీచరని ప్రశంసాపత్రం ఇచ్చారు. అది గంగాధరప్ప తల వెనకే గోడకు వేలాడుతోంది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా హేమలత పిల్లతో లోపలికి వచ్చింది. గంగాధరప్ప పెన్ను మూత తీశాడు.

"తెలిసిందా మేడం? పేరు చెప్పండి. ఎవరైనా సరే, మెమో తప్పదు."

ఈశ్వరి చేతిలో కాగితం మొదటి నుంచీ తలకిందులుగానే ఉంది. హేమలత దాన్ని సరిగ్గా తిప్పి పట్టించింది.

"హేమలత," అంది. "ఐదో తరగతి టీచరు."