ఎర్ర పట్టు గాలం

ధర్మవరంలో పొద్దున్నే వీధంతా మగ్గాల చప్పుడు. నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ సంవత్సరం చౌడప్ప ఇంట్లో మాత్రం ఆ చప్పుడు లేదు. జ్వరం వచ్చి తగ్గాక ఆయన కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. మగ్గం తాడు పిడి చేతిలోంచి జారిపోతుంటే ఎర్ర పెళ్ళిచీర సగంలో ఆగిపోయింది. పున్నమిలోగా నేత మొదలుకాకపోతే చీర కోసి, మిగతా పడుగు ఇంకొకరికి ఇచ్చేస్తానని షావుకారు తిమ్మరాజు చెప్పి వెళ్ళాడు. నేతగాడికి అంతకంటే తలవంపు ఏముంటుంది?

ఊరికే కూర్చోలేక చౌడప్ప అటకమీది పాత గాలపు కర్ర దించుకున్నాడు. మామ కదిరప్ప పెనుకొండలో చేపలు పట్టిన కర్ర అది. కొస విరిగింది, నడుమ చీలింది. చౌడప్పకు ఈ పని బొత్తిగా కొత్త. ఎడమచేత్తో, పళ్ళతో, భార్య పార్వతమ్మ చేతులతో సాగించాడు. కొత్త వెదురు కొస అతికిస్తే వంకరగా కూర్చుంది. విప్పి, సెగ చూపించి, మళ్ళీ అతికించాడు.

"మా నాయన చూసింటే కడుపుబ్బా నవ్వుతాండె" అంది పార్వతమ్మ.

రైల్వే గ్యాంగులో పనిచేసే ఏసుదాసుకు ఆదివారం చర్చి అయ్యాక చెరువే లోకం. డ్యూటీకి పోతూ ఆగి కర్రను ఆడించి చూశాడు.

"అంతా బాగుండాదప్పా. పట్టే లేదు. పట్టుండల్ల" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ధర్మవరంలో పట్టు అంటే ఇంకో అర్థం ఎవరికి తడుతుంది? చౌడప్ప ఆ పెళ్ళిచీరలో మిగిలిన ఎర్రదారం తీసి, చెయ్యి పెట్టే చోట ఒత్తుగా చుట్టాడు. ఆదివారం చెరువు కట్టమీద అది చూసి ఏసుదాసు కూలబడి నవ్వాడు.

"చేతికి పట్టు దొరకల్ల, గుడ్డ చుట్టుకోమని నా ఉద్దేశమప్పా. నువ్వు దానికి పెండ్లే చేస్తివి."

చౌడప్ప కూడా నవ్వి గాలం వేశాడు. ఆయన పట్టుకోలేని కర్ర ఆయన్నే పట్టుకుంది. పట్టుదారం వేళ్ళను ఒక్కొక్కటే ముడిచి మెల్లగా బిగిసింది. కొర్రమీను గుంజినా చెయ్యి జారలేదు. ఎన్నాళ్ళకో చేతికి బరువు తెలిసి ఆయన కళ్ళు చెమర్చాయి. చేప ఒడ్డున పడ్డాక కూడా కర్ర వదలకపోతే, కర్రతోనే ఇంటికొచ్చాడు.

"కొత్త కదా, నిదానంగా వదుల్తాదిలే" అని పార్వతమ్మ చేపల పులుసులో సంగటి ముద్ద అద్ది తినిపించింది. ఈ వయసులో ఈ ముచ్చటేమిటని సిగ్గుపడ్డాడు గానీ, రెండో ముద్దకు నోరు తానే తెరిచాడు. కడుపు నిండాక కర్ర వదిలింది.

పున్నమి పొద్దున ఆయన నిద్రలేచేసరికి పార్వతమ్మ ఆ ఎర్ర పట్టు విప్పి మగ్గం పిడికి చుడుతూ ఉంది.

"చేపలు యాడికీ పోవు. రా, కూర్చో" అంది.

తిమ్మరాజు కత్తెరతో వీధి మలుపు తిరిగేసరికి మగ్గం చప్పుడు వినిపించింది. గడపలో నిలబడి చౌడప్పను పిలిచాడు.

"రాలేనన్నా, పిడి పట్టుకోనుండాది" అన్నాడు చౌడప్ప మగ్గం గుంటలోంచి.

"అట్లయితే కానీ. అది వదిలినాకనే రా" అని షావుకారు కత్తెర జుబ్బా జేబులో వేసుకుని వెళ్ళాడు.

కొంగు పూర్తయి ఆఖరి పోగు పడ్డాక పిడి తనంతట తానే వదిలింది. చౌడప్ప వేళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు.