తాత్కాలిక ఫైళ్ళకు పెట్టిన పేరు

టెంప్‌నేమ్‌ను తీసెయ్యాలని ప్రతిపాదన రాసిన రోజున, దాని కోసం బాధపడేవాళ్ళు ఉంటారని హేమశ్రీ అనుకోలేదు.

ఆమెది కడియం. తండ్రి సత్యప్రసాద్‌కి నాలుగెకరాల నర్సరీ ఉంది. నర్సరీని ఆనుకునే ఇల్లు. మేడ మీది గదిలో కూర్చుని ఆమె హైదరాబాదు కంపెనీకి ఉద్యోగం చేస్తుంది. అది కాక జీతం లేని పని ఇంకొకటి పెట్టుకుంది. మైనా అనే ప్రోగ్రామింగ్ భాషను వేర్వేరు దేశాల్లో ఉన్న పదకొండు మంది కలిసి చూసుకుంటారు. వాళ్ళలో ఆమె ఒకతె. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతిదీ మొదటినుంచి రాసుకోనక్కర్లేకుండా ఆ భాషతో పాటే కొన్ని వందల ఫంక్షన్లు సిద్ధంగా వస్తాయి. వాటిని ఏడాదికోసారి తిరగేసి, పాతబడ్డవాటిని తప్పించడం ఆమె వంతు.

ఈసారి టెంప్‌నేమ్ ఆమె కంట పడింది. ఏ ప్రోగ్రాముకైనా పని మధ్యలో చిత్తుకాగితం లాంటిది అవసరమవుతుంది. కాసేపు అందులో రాసుకుని, పనయ్యాక చెరిపేస్తుంది. ఆ చిత్తు ఫైలుకు ఇంకెవరూ పెట్టుకోని పేరు ఒకటి వెతికి ఇవ్వడమే టెంప్‌నేమ్ పని. పంతొమ్మిదేళ్ళ కిందట రాశారు. దానిలో ఒక లోపం ఉంది. అది పేరు మాత్రమే ఇస్తుంది, ఫైలు తెరవదు. పేరు తీసుకుని ఫైలు తెరిచేలోపు, రెప్పపాటు కన్నా తక్కువ వ్యవధిలో, ఇంకొకడు అదే పేరుతో తన ఫైలు పెట్టెయ్యొచ్చు. దొంగబుద్ధి ఉన్నవాడికి ఆ సందు చాలు. పేరు, ఫైలు రెండూ ఒకేసారి ఇచ్చే కొత్త ఫంక్షన్ వచ్చి కూడా ఆరేళ్ళయింది. అందుకని పాతదాన్ని డెప్రికేట్ చేద్దామని హేమశ్రీ రాసింది. అంటే వెంటనే తీసెయ్యరు. వాడినవాళ్ళకు ‘ఇది పాతది, కొత్తది వాడండి’ అని హెచ్చరిక వస్తూ ఉంటుంది. రెండేళ్ళకు తీసేస్తారు.

అభ్యంతరాలకు నెల రోజులు గడువు పెట్టారు. మొదటి మూడు వారాల్లో నలుగురు బాగుందన్నారు. ఒకాయన ఇంకా ముందే చెయ్యాల్సిందన్నాడు. మూడు వారాలయ్యాక టెంప్‌నేమ్ పేజీ పైన కూడా ఆ సంగతి ఎర్రపట్టీలో రాసి పెట్టారు. ఇరవై రెండో రోజున అభ్యంతరాల పేజీలో ఒక ఉత్తరం కనిపించింది. అది తెలుగులో ఉంది.

‘అయ్యా, నా పేరు బాలాత్రిపురసుందరి. పిఠాపురంలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరయ్యాను. మీరు తొలగించదలచిన టెంప్‌నేమ్‌ను రాసినవారు నా భర్త భాస్కరం గారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ ఫంక్షన్ పేజీ అడుగున ఆయన పేరు, మా ఊరి పేరు ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఒకసారి తెరిచి చూసుకుంటాను. నిన్న తెరిస్తే పైన ఎర్రపట్టీ కనిపించింది. పక్క వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగిని రాణి చదివి చెప్పింది. మీకు కారణం ఉండే ఉంటుంది. ఒక్క సంగతి తెలియజేయ ప్రార్థన. ఆయన పేరు కూడా పోతుందా?’

మిగిలిన పదిమందిలో ఎవరికీ తెలుగు రాదు. ఒకతను యంత్రంతో అనువాదం చేయించుకుని చదివి, దీన్ని అభ్యంతరం కింద లెక్క వెయ్యాలా అని అడిగాడు. ఆవిడ అడిగింది ఒక ప్రశ్న, జవాబు నేను వెళ్ళి చెప్పి వస్తాను అని హేమశ్రీ రాసింది. రాశాక కూడా ఉత్తరంలోని ఆ ఆఖరి వాక్యం దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. భాస్కరం అన్న పేరు టెంప్‌నేమ్ పేజీలో ఆమె ఎన్నిసార్లు చూసిందో. అదొక మనిషని ఏనాడూ తోచలేదు.

ఆదివారం పొద్దున్న కడియంలో ప్యాసింజరు ఎక్కింది. ఎవరింటికైనా వెళ్తుంటే వట్టి చేతులతో పంపని తండ్రి, సంచిలో బొడ్డుమల్లె మొక్క పెట్టి ఇచ్చాడు.

బాలాత్రిపురసుందరి రైల్వేస్టేషనుకు దగ్గరలో ఒక మేడ మీది వాటాలో అద్దెకు ఉంటోంది. అరవై రెండేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. మొక్కని అందుకుని, కుండీలోకి సాయంత్రం మారుస్తానని చెప్పి, ముందు కాఫీ ఇచ్చింది. ముందుగదిలో బల్ల మీద భాస్కరం లాప్‌టాప్ మూసి ఉంది. దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉంది.

“ఆయన కాకినాడ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవారమ్మా. సాయంత్రం ఇంటికొచ్చాక ఇదిగో, ఈ బల్ల దగ్గరే. ఏం రాస్తున్నారండీ అంటే, ఊరికే, ఎవరికైనా పనికొస్తుందని అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు. ఇంతకీ ఆయన తప్పు రాశారా?”

“తప్పని కాదండి. అప్పట్లో అందరూ అలాగే రాశారు. బస్సు కిటికీలోంచి చూసి సీటు ఖాళీగా ఉందని చెప్పడం వరకే ఇది చేస్తుందండి. మనం తలుపు దాకా తిరిగి ఎక్కేసరికి ఇంకొకరు కూర్చోవచ్చు, దొంగైనా సరే. కొత్తది కిటికీలోంచి తువ్వాలు కూడా వేసేస్తుంది.”

బాలాత్రిపురసుందరి నవ్వింది. “ముప్పై ఏళ్ళు బస్సులో తిరిగి పాఠాలు చెప్పాను. ఇలా చెబితే నాకూ అర్థమవుతుంది.” తర్వాత నవ్వు తగ్గించుకుని అడిగింది. “మరి పేరు?”

హేమశ్రీ ఉన్నదున్నట్టు చెప్పింది. రెండేళ్ళ దాకా ఆ పేజీ ఉంటుంది. తర్వాత పాత వెర్షన్ల పేజీల్లోకి వెళ్తుంది. అక్కడ పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది, కానీ అటు వెళ్ళి చూసేవాళ్ళు ఉండరు.

“నేను వెళ్తాగా,” అంది ఆవిడ.

ఆవిడకి సంతోషం కలిగించే మాట ఏదైనా చెప్పాలని హేమశ్రీకి అనిపించింది. “ఇది ఎంతమంది వాడుతున్నారో మీకు తెలీదనుకుంటానండి. తీసేసే ముందు లెక్క చూడాలి కదా, వెతికాను. బయటకు కనిపించే ప్రోగ్రాముల్లోనే పదకొండు వేల చోట్ల ఉంది. చిలీలో ఒక గ్రంథాలయం వాడుతోంది. నార్వేలో చేపల పడవల వాళ్ళు వాడుతున్నారు. వాడేవాళ్ళలో సగానికి పైగా సార్ ఇచ్చిన ఉదాహరణనే తీసి అతికించుకున్నారండి, అక్షరం కూడా మార్చకుండా. అందుకే వాళ్ళందరి చిత్తు ఫైళ్ళూ బాల అనే మొదలవుతాయి.”

“ఏమని?”

“బాల అనండి. ఫైలు పేరుకి ముందు మనకి నచ్చిన మాట ఒకటి పెట్టుకోవచ్చు. సార్ ఉదాహరణలో అలా పెట్టారు. చిన్నపిల్లలకి సంబంధించిన ప్రోగ్రామేమో అనుకున్నానండి.”

ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. “నేను చూసే పేజీలో అది లేదే.”

“ఉదాహరణలు వేరే పేజీలో ఉంటాయండి.”

హేమశ్రీ తన ఫోనులో ఆ పేజీ తెరిచి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఇంగ్లీషు అక్షరాలు నాలుగు. వేలు తాకితే ఎక్కడ చెరిగిపోతుందో అన్నట్టు, అక్షరాలకి కాస్త ఎడంగా వేలు పెట్టి చదువుకుంది. కిటికీ అవతల స్టేషనులో ఏదో బండి ఆగి, మళ్ళీ కదిలి వెళ్ళేదాకా ఆ నాలుగు అక్షరాలే చూస్తూ ఉంది.

“ఆయన నాయనమ్మ పేరు కూడా బాలాత్రిపురసుందరేనమ్మా,” అంది చివరికి. “నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడ బతికే ఉన్నారు. పెద్దావిడ పేరు పెట్టి పెళ్ళాన్ని పిలుస్తాడా? అందుకని నన్ను ‘ఇదిగో’ అనేవారు. ఆవిడ పోయాక కూడా అదే అలవాటైంది. ముప్పై నాలుగేళ్ళు ఇదిగో. స్కూల్లో నేను సుందరి టీచర్ని. బాల అని పిలిచింది మా నాన్న ఒక్కరే. నాన్న పోయాక ఆ మాట విన్నది లేదు. ఈయన్ని ఒకసారి అడిగాను కూడా. ఎవరూ లేనప్పుడైనా పేరు పెట్టి పిలవొచ్చు కదండీ అని. సిగ్గుపడి లేచి వెళ్ళిపోయారు.”

“ఎప్పుడండీ అడిగింది?”

ఆవిడ ఆలోచించింది. “కొత్తగా ఈ వాటాలోకి వచ్చిన ఏడాది. రెండు వేల ఆరో, ఏడో.”

హేమశ్రీ ఫోనులో తేదీ చూసింది. ఉదాహరణ చేర్చింది రెండు వేల ఏడు, ఫిబ్రవరి. పైకి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, చెప్పింది.

ఆవిడ కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. “అది పనిచేస్తుంటే చూడొచ్చా? ఇందులో ఉంటుందా?” అని లాప్‌టాప్ మీది గుడ్డ తీసింది.

అందులో మైనా పాత వెర్షను ఉంది. హేమశ్రీ ఉదాహరణను ఎక్కించి, ఎంటర్ నొక్కమంది. ఆవిడ నొక్కింది. తెర మీద బాల అని వచ్చి, దాని వెనక అర్థం లేని ఆరు అక్షరాలు వచ్చాయి. మళ్ళీ నొక్కింది. వెనక అక్షరాలు మారాయి, ముందు మాట అలాగే ఉంది. ఇంకోసారి. ఇంకోసారి. తెర నిండి పైకి జరగడం మొదలైంది. హేమశ్రీ లేచి, మొక్కకి నీళ్ళు పోసే నెపంతో వసారాలోకి వెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడింది.

తిరిగి వచ్చేసరికి ఆవిడ లాప్‌టాప్ మూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“మీకు అభ్యంతరమని రాయమంటే రాస్తానండి. ఇంకో ఏడాది వాయిదా పడుతుంది,” అంది హేమశ్రీ.

“వద్దు. ఎవడో దొంగ దూరే సందని తెలిశాక, నా పేరుందని ఉంచుతారా? ఆయనైతే ఈపాటికే తీసేసేవారు. తీసెయ్యండి.”

“పోనీ కొత్తదాని ఉదాహరణలో బాల అని పెట్టమంటారా? అది నా చేతిలో పనేనండి.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “నువ్వు పెడితే అది నువ్వు పెట్టినట్టవుతుందమ్మా. మంచిమాటే అన్నావు. కానీ వద్దు.”

మధ్యాహ్నం భోజనం పెట్టి గాని పంపలేదు. వంకాయ కూర వడ్డిస్తూ భాస్కరం గురించి చాలా చెప్పింది. వానపడితే కాలేజీ మానేసి వసారాలో కూర్చునేవాడట. తన దగ్గర చదివే పిల్లల్ని కూడా ‘మీరు’ అనేవాడట.

నవంబరులో కొత్త వెర్షను విడుదలైంది. టెంప్‌నేమ్ వాడిన ప్రతి చోటా హెచ్చరిక రావడం మొదలైంది. రెండు వారాలకు ఫోను మోగింది.

“ఇంకా ఎన్ని చోట్ల ఉన్నాయమ్మా?” అని అడిగింది ఆవిడ.

హేమశ్రీ వెతికి చెప్పింది. పదివేల నాలుగు వందలు. అప్పటినుంచి నెలకోసారి ఆ ఫోను వస్తోంది. తొమ్మిది వేలయింది. ఏడు వేలయింది. వేసవి వచ్చేసరికి నార్వే పడవల వాళ్ళు కూడా మార్చేసుకున్నారు. అంకె కాస్త పెంచి చెబితే ఏం పోయిందని హేమశ్రీకి ఒకసారి అనిపించింది. కానీ ఆవిడ గొంతు వినేసరికి అబద్ధం నోట రాలేదు.

“నాలుగు వేల రెండు వందలండి.”

“అందరూ బుద్ధిగా మార్చుకుంటున్నారన్నమాట. మంచిదే,” అంది ఆవిడ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. తర్వాత ఫోను పెట్టెయ్యలేదు. హేమశ్రీ కూడా పెట్టెయ్యలేదు. కింద నర్సరీలో లారీకి మొక్కలు ఎక్కిస్తున్న కూలీల మాటలు వినిపిస్తున్నాయి. కాసేపటికి ఆవిడే మళ్ళీ అడిగింది.

“ఆ చిలీ గ్రంథాలయం వాళ్ళు?”

“వాళ్ళు ఇంకా మార్చలేదండి.”

“పాపం, ఏం పనుల్లో ఉన్నారో,” అంది బాల.