మధ్య దూలానికి పసుపు

దొరస్వామిని చూస్తే నాకు కడుపు మండేది. దాచడానికేముంది? మా ఊరి మునిసిపాలిటీ లారీలు బాగుచేసే షెడ్డులో ఇరవై రెండేళ్లుగా హెడ్డు మేస్త్రిని నేను. రోడ్డు రోలరు, రెండు చెత్త లారీలు, నీళ్ల లారీ, అన్నీ నా చేతి కింద బతికినవే. వాడు యుద్ధంలో మిలిటరీ వర్కుషాపులో నాలుగేళ్లు పనిచేసి వచ్చి నా కింద చేరాడు. ఆరు నెలలు తిరక్కుండానే డ్రైవర్లు నన్ను దాటుకొని వాడి దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. ఇంట్లో నా పెళ్లాం గంగులమ్మ కూడా, "అన్నా అని తప్ప ఇంకో మాట రాదు ఆయప్ప నోట్లో" అని మెచ్చుకునేది. ఆ మర్యాదకే నాకు మరీ ఒళ్లు మంట.

స్వరాజ్యం వచ్చిన రెండు నెలలకు షెడ్డు సంగతి తేల్చేయాలని చైర్మన్ గారు పట్టుబట్టారు. పాతదాన్ని బాగుచేయడమా, పడగొట్టి స్టేషన్ రోడ్డులో కొత్తది కట్టడమా. దొరస్వామి కొత్తదే కావాలన్నాడు. లారీ కింద నిలబడి పనిచేయడానికి గుంత ఉండాలట, సిమెంటు నేల ఉండాలట. కొత్తది కడితే వాడే ఫోర్‌మన్ అని ఆఫీసులో అందరూ చెప్పుకుంటున్నారు. సంతకం తప్ప అక్షరం రాని నన్ను అక్కడ ఏ మూల కూర్చోబెడతారో నాకు తెలుసు. అందుకే ఒకే మాట పట్టుకున్నాను. పెంకులు మారిస్తే చాలు, దూలాలకు ఢోకా లేదు.

ఆయుధపూజ ముందురోజు మామిడాకులు కట్టడానికి నిచ్చెనెక్కాను. లారీ ఇంజన్లు పైకెత్తే కప్పీ వేలాడేది మధ్య దూలానికే. కప్పీ పక్కన చెయ్యి ఆనిస్తే వేలు లోపలికి దిగిపోయింది. చెదలు. లోపలంతా తినేసి పైన పలచటి పొర మిగిల్చాయి. ఇది తెలిస్తే దొరస్వామి మొహం ఎలా వెలిగిపోతుందో అన్నదే నాకు ముందు తట్టింది. చూడండి నా బుద్ధి. బంకమన్నూ సున్నమూ కలిపి ఆ బొక్క పూడ్చాను. పైన మూరెడు మేర పసుపు మెత్తి కుంకుమ బొట్లు పెట్టాను. పూజనాడు పానాలకూ సుత్తులకూ బొట్టు పెడతాం, దూలానికి పెడితే అడిగేదెవరు? పండగ పోయాక నేనే గుట్టుగా మార్పించేస్తానులే అని సర్దిచెప్పుకున్నాను.

దసరా మరునాడు చిత్తూరు నుంచి ఇంజనీరు వచ్చారు. దూలాలు గట్టిగా ఉంటే రిపేరు, ఒక్కటి పుచ్చినా కొత్త షెడ్డు అని చైర్మన్ గారి ముందే చెప్పేశారు. ఉలి పట్టుకొని నిచ్చెనెక్కి ఒక్కో దూలాన్నీ పొడిచి చూశారు. మధ్య దూలం దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"పూజ చేసినదాన్ని ఎట్లా పొడిచేదప్పా" అని, దాన్ని తాకి కళ్లకద్దుకొని దిగిపోయారు. నేను అనుకున్నట్టే జరిగింది.

"ఇదొక్కటే చూళ్లేదు. ఎట్లుండాది ఇది?" అని నన్నడిగారు.

"రాయి మాదిరి ఉండాది సార్."

చైర్మన్ గారు దొరస్వామి వైపు తిరిగారు. "నువ్వేమంటావు? కొత్తది కావాలంటివి గదా."

వాడు పైకి చూడనైనా లేదు. "మునెయ్యన్న ఇరవై రెండేండ్లుగా ఈ దూలం కిందే ఉండాడు సార్. అన్న బాగుండాదంటే బాగున్నట్టే. అట్లయితే దీన్నే రిపేరు చేయించండి, ఊరికే పడగొట్టేది దేనికి?"

నేను గెలిచాను. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, పైన ఆ పసుపు వంకే చూస్తుండిపోయాను.

"సరే, ఒకసారి ఇంజను ఎత్తి చూపించండి, రాసేస్తా" అన్నారు ఇంజనీరు.

దొరస్వామి చొక్కా చేతులు మడుచుకొని వెళ్లాడు. ఇంజనుకు గొలుసు తగిలించి, అది ఊగకుండా పట్టుకోవడానికి సరిగ్గా మధ్య దూలం కింద వంగి నిలబడ్డాడు. నేనూ ఇద్దరు కూలీలూ గోడవారగా గొలుసు కొన పట్టుకున్నాం.

"లాగన్నా" అన్నాడు.

కూలీలు నా వంక చూస్తున్నారు. నా చేతులు కదల్లేదు.

"బయటికి రా" అన్నాను.

"ఏమన్నా?"

"రారా బయటికి. దాన్ని చెదలు తినేసినాయి. నాకు తెలుసు. ఆ పసుపు పూసింది నేనే."

ఇంజనీరు చేతిలోని ఉలి లాక్కొని నిచ్చెనెక్కి పొడిచాను. మట్టిపెళ్లలతో పాటు చెదలు జలజలా రాలాయి. చైర్మన్ గారు నోటికొచ్చినట్టు తిట్టారు. ఇంజనీరు అక్కడికక్కడే కొత్త షెడ్డు అని రాసి సంతకం పెట్టేశారు.

దొరస్వామి మాత్రం కింద నిచ్చెన పట్టుకొని నిలబడ్డాడు.

"మెల్లగా దిగన్నా, కాలు జారేను" అన్నాడు.

అప్పుడు కూడా నాకు కడుపు మండింది. షెడ్డు పోతే పోయింది. నా మాట మీద వాడు ఆ దూలం కిందికి పోయాడే, అదీ నా మంట. వాడి మాట మీద నేనైతే ఒక్క అడుగు వేసేవాణ్ణి కాను.