సున్నంతో నా కాపురం

నేను ఒక భాస్వరం పరమాణువుని. కంటికి ఆనను గాని, వయసులో మీ అందరికీ ముత్తాతను. చచ్చిపోతున్న ఓ నక్షత్రం కడుపులో పుట్టి, ఉల్కలో ఇనుమును అంటిపెట్టుకుని ఈ భూమ్మీద పడ్డాను. అప్పటికే ఇక్కడ నా చుట్టాలున్నారు, కానీ సున్నం చేతికి చిక్కి రాళ్లయి కూర్చున్నారు. నీళ్లలో కరగరు, ఎవరితోనూ కలవరు. నేను కొత్తగా వచ్చినవాణ్ణి కదా, నీళ్లు తగలగానే ఇనుమును వదిలేసి కనబడిన ప్రతి అణువుతోనూ చెయ్యి కలిపాను. అలా కట్టుకున్న గొలుసుల్లో ఒకటి అచ్చం తనలాంటిదాన్నే ఇంకొకదాన్ని తయారుచేసుకుంది. ప్రాణం అలా మొదలైంది. కాదు, ఇంకోలా అని మీ పండితులు ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగరు.

తర్వాత చేపలో, కొంగలో, కొండరాతిలో తిరిగి తిరిగి ఎరువు బస్తాలోకెక్కాను. కృష్ణ ఒడ్డున నాంచారమ్మ కౌలుకు చేస్తున్న నల్లరేగడి చేలో పడ్డాను. పడ్డ కొద్ది రోజులకే సున్నం నన్ను పట్టేసుకుంది. ఆమె ఏటా ఇంకో బస్తా ఎక్కువ వేసేది, సున్నం దాన్నీ పట్టేసుకునేది. ఈ ఏడు నేను అందక మొక్కజొన్న ఆకులు ఊదారంగుకు తిరిగాయి. ఈ పంటా పోతే చేను వేరేవాళ్లకిస్తానని ఆసామి చెప్పేశాడు. నాంచారమ్మ పొద్దున్నే ఎరువుల కొట్టు ముందు చెప్పులు వరుసలో పెట్టి, తను నీడన కూర్చుంది. చెప్పులకిచ్చే మర్యాద మనుషులు ఒకరికొకరు ఇచ్చుకోగా నేను చూడలేదు. ఆ చెప్పులు గుమ్మం చేరేసరికి బస్తాలు అయిపోయాయి.

ఆమె రుసరుసలాడుతూ వ్యవసాయాధికారి షహనాజ్ దగ్గరికెళ్లింది. ఆ పిల్ల మట్టి పరీక్ష కాగితం చూసి తల పట్టుకుంది.

"మీ చేలో భాస్వరం బోలెడుంది పిన్నిగారూ. సున్నం పట్టేసుకుంది, వేరుకి అందట్లేదు."

"మా అత్తగారి బీరువా సంగతి చెబుతున్నట్టుందే అమ్మాయ్. తాళంచెవి ఎక్కడుందో అది చెప్పు."

షహనాజ్ ఒక పొట్లం బ్యాక్టీరియా పొడి చేతిలో పెట్టింది. నాంచారమ్మ నమ్మలేదు. వేరే దారి లేక, మాగిన పెంటలో కలిపి, తడి గోనె కప్పి, వారం తర్వాత మొక్కల మొదళ్లలో వేసి నీళ్లు పెట్టింది.

ఆ పొడిలోంచి వచ్చినవాళ్లని చూసి నాకు నవ్వాగలేదు. ఆనాడు నేను చెయ్యి కలిపితే పుట్టిన ప్రాణి సంతానమే వాళ్లు. పులుపు కక్కి, సున్నం పట్టు సడలించి, ముత్తాతను బయటికి లాగారు. నాకు కళ్లుంటే నీళ్లు తిరిగేవి. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి, కంకులు గింజ పట్టాయి. చేను నాంచారమ్మకే నిలిచింది.

మొదటి కంకిని ఆమె గట్టు మీదే కాల్చుకుని, నాతో సహా నమిలి మింగింది. ఇప్పుడు నేను ఆమె మోకాలి ఎముకలో ఉన్నాను. ఇక్కడా పక్కన సున్నమే, ఎముకంటే మేమిద్దరం కట్టిందే కదా. రేపు ఆ కాలి మీదే ఆమె చేలోకి నడవాలి. అందుకని ఈసారి నన్ను వదలమని సున్నాన్ని అడగడం లేదు.