ఖాళీ స్థలం

కొల్లేరులో పక్షుల్ని చూపిద్దామని పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు హైమావతి టీచరుగారు మొదటిసారి ఒడ్డునున్న ఆ ఊరు చూశారు. పక్కనే బొగ్గు బాయిలరున్న ఫ్యాక్టరీ. ఎండబెట్టిన చేపల మీదా, ఆరేసిన బట్టల మీదా బూడిద. వలలు వేసుకుని బతికే రాజరత్నం భార్య రాజకుమారి దగ్గుతూనే మంచినీళ్లు తెచ్చిచ్చింది.

తాడేపల్లిగూడెంలో సైన్సు చెప్పే హైమావతిగారు ఆ తర్వాత ఆరేళ్లు అర్జీలు రాశారు. బొగ్గు ఆపండి, ఎండతో కరెంటు తీయండి అని. రాజరత్నం ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించేవాడు.

చివరికి ఏలూరులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. సోలార్ ప్లాంటు వస్తోందని విని ఊరంతా ఆటోల్లో వెళ్లింది. అధికారి తెర మీద మ్యాపు చూపించాడు. ప్లాంటుకి గీసిన గీత కొల్లేరు అంచు నేల చుట్టూ ఉంది. వానాకాలం అక్కడ నీళ్లు నిలిస్తే ఊరివాళ్లు వలలు వేస్తారు, వేసవిలో గేదెల్ని మేపుతారు. రికార్డుల్లో మాత్రం అది ఖాళీ.

హైమావతిగారు లేచి అది ఖాళీ స్థలం కాదన్నారు. సోలార్ పలకలు ఫ్యాక్టరీ గోడౌన్ల కప్పుల మీద పెట్టమన్నారు. అధికారి ఫైలు తిప్పి ఆవిడ రాసిన అర్జీలోంచే చదివాడు: "మా చుట్టుపక్కల ఎండ తగిలే ఖాళీ స్థలం ఎంతో ఉంది."

"మీరు అడిగిందే కదండీ ఇస్తున్నాం," అన్నాడు మర్యాదగానే.



మూడు నెలల్లో ఆ నేల చుట్టూ కంచె వేశారు. ఆ కరెంటు ఎక్కడికో పోతోంది. ఫ్యాక్టరీ బొగ్గుతోనే నడుస్తోంది. రాజరత్నం దోనె అమ్మేసి ఎవరివో చేపల చెరువుల్లో కూలికి కుదిరాడు.

ఆ నేల వదిలేయమంటూ కొత్త అర్జీ రాసి, వేలిముద్రల కోసం ఆవిడ మళ్లీ ఊరికి వెళ్లారు. రాజకుమారి కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. కాగితం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

"మీరు మా మంచికే రాశారండి," అన్నాడు రాజరత్నం. "మాకు చదువు రాదు కదండీ. మీరు చూపించిన చోటల్లా వేలు పెట్టాం."

తనని తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి. కాగితం కింద తన ఒక్క సంతకమే పెట్టి ఏలూరు బస్సెక్కారు. కలెక్టరాఫీసులో గుమాస్తా దాని మీద ముద్ర కొట్టి, మిగతా కాగితాల కింద పెట్టాడు.