కొరియా నీళ్లు, గురజాల చేతులు

"ముఖానికి లైసెన్సు ఏందే ఫరా?" అంది జ్ఞానమ్మ, పార్లర్ గుమ్మంలోనే ఆగిపోయి.

"లైసెన్సు కాదు పిన్నీ, ఎసెన్సు! కొరియా వాళ్లు ముఖం తడారకముందే అద్దుకుంటారు. చర్మంలో తేమ నిలుస్తుంది."

గురజాలలో ఫరా పార్లర్ తెరిచిన మొదటి రోజది. బెంచీ మీది ఆడవాళ్లు ముందు జ్ఞానమ్మ సంగతి చూద్దామని కూర్చున్నారు. ఫరా తడి గుడ్డతో జ్ఞానమ్మ ముఖం తుడిచి, ఆమె అరచేతుల్లోనే సీసాలోని ఎసెన్సు పోసింది. జ్ఞానమ్మ రెండు చెంపలకూ అద్దుకుంది.

"అమ్మోవ్! ఇది కొరియా కాదే, కొరివి! మండిపోతోంది!"

బెంచీ మొత్తం లేచి చెప్పుల్లో కాళ్లు దూర్చింది. పార్లర్ ఇవాళే మూతపడేట్టుంది అనుకుంది ఫరా. కానీ పొద్దున తను అద్దుకుని చూస్తే చల్లగానే ఉందే! మళ్లీ తన చెంపకు అద్దుకుంది. చల్లగానే ఉంది. మరి మంటెక్కడిది? జ్ఞానమ్మ అరచేతిని తన ముక్కు దగ్గర పెట్టుకోగానే ఫరాకు వరసగా తుమ్ములు.

"పిన్నీ, పొద్దున ఏం పని చేశావు?"

"మిరపకాయలకు తొడాలు తీశా. ఈ చేతులకు అలవాటేలే!"

"చేతులకు అలవాటే, ముఖానికి కాదుగా!" ఫరా బెంచీ వైపు తిరిగింది. "విన్నారా? మంట సీసాలో లేదు, పిన్ని చేతుల్లో ఉంది. ఇకనుంచి అందరికీ నేనే అద్దుతా."

ఆడవాళ్లు తమ అరచేతులు వాసన చూసుకుని, తుమ్ముతూ మళ్లీ కూర్చున్నారు.